ఊరికే

కందుకూరు, పామూరు రోడ్డు. రాత్రి పదకొండున్నర.
షట్టరు సగం దించి పెళ్ళికార్డు దిద్దుతున్నాను.
తెర మీద నీలం చీటీ ఒకటి లేచింది:
"మీ కంప్యూటరు కొత్త రూపానికి అర్హత పొందింది.
పూర్తిగా ఉచితం."

అర్హత!
టెన్త్ తప్పాక నన్ను గానీ నా సామాన్ని గానీ
ఎవరూ అనని మాట.

కింద రెండే మీటలు. ఇప్పుడే. ఈ రాత్రికి.
వద్దు అనే మీట కోసం కాసేపు వెతికాను,
పెళ్ళిచూపుల్లో ఆడపిల్ల వెతుక్కున్నట్టు.

ఎందుకిస్తారు?
పక్కన నీళ్ళ ప్లాంటు కాలేషా
రేపటి క్యాన్లు ఆటోలో సర్దుతున్నాడు. అడిగాను.
"నీకు స్టాండు నేనెందుకిచ్చా అబ్బయా, ఊరికే?
దాని మీద నా క్యాను తప్ప ఇంకోటి కూర్చోదు గదా."
తువ్వాలుతో మెడ తుడుచుకుని మళ్ళీ తనే అన్నాడు.
"అదొక్కటే కాదులే.
ముందు నా దగ్గర నాలుగు రకాల క్యాన్లుండేవి.
నాలుగు రకాల మూతలు, నాలుగు రకాల తిట్లు.
పాతవి కడగలేక చచ్చేవాణ్ణి.
అందరికీ ఒకటే ఇచ్చి పారేశా. ఇప్పుడు నిద్ర పడతాండాది."

ఎక్కడో అద్దాల మేడలో
నా పాత యంత్రానికి చిల్లులు పూడుస్తూ
ఒకడు కళ్ళు నులుముకుంటూ ఉంటాడని
అంతవరకు తట్టలేదు నాకు.
పాపం అనుకున్నాను.
కొత్తదాన్లో ఓ మూల అంగడి కూడా ఉంటుందట,
నేనేం చూస్తే ఏం కొంటానో రాసుకునే గుమాస్తాతో సహా.
పాపం సగానికి తగ్గింది.

మా ఊరినీ ఒకసారి ఇలాగే మార్చారు.
ప్రకాశంలో పడుకున్నాం, నెల్లూరులో లేచాం.
ఊరు అంగుళం కదల్లేదు. ఎవరూ రూపాయి అడగలేదు.
ఊరికే చేశారు, ఊరికే.
మర్నాటి నుంచి బడికి లెటర్‌హెడ్డు,
బియ్యంకొట్టుకి బిల్లుబుక్కు, నోటరీకి రబ్బరు స్టాంపు.
ఆ వేసవిలోనే కొన్నాను ఈ రెండో ప్రింటరు.
దాని పైన గోడకి
ఎర్రక్షరాల్లో నేనే రాయించిన బోర్డు:
డిజైన్ ఉచితం.

ఆ బోర్డు వైపు చూడకుండా 'ఈ రాత్రికి' నొక్కాను.
రాత్రికి ఇంకా టైముందిలే అని బల్ల మీద కునుకు.
రాత్రి అంటే వాళ్ళకి ఎప్పుడో!
లేచేసరికి ముప్పై ఏడు శాతం.
'ఆపివేయవద్దు' అంటోంది.
నా షాపులో నన్ను.

తెల్లారింది. తెర కడిగిన ముగ్గులా ఉంది.
నా పాత ఫాంటు తాళం, ఆ చిన్న డాంగిల్,
గుచ్చితే ఎర్రలైటు వెలగలేదు.
కార్డంతా డాలరు గుర్తులు, కొక్కేలు, తోకలున్న ఇంగ్లీషు సీలు.
శ్రీరస్తు శుభమస్తు ఎక్కడుందో శ్రీరాముడికే తెలియాలి.
కంపెనీ వాళ్ళే ఇచ్చిన ఉచిత అక్షరాలతో
మొదట్నించీ కొట్టాను. బాగానే వచ్చాయి, నిజం చెప్పాలి.
ఒక్క పెళ్ళికూతురు దగ్గర ఇరుక్కుంది.
జ్యోత్స్న.
త వేరు, స వేరు, న వేరు,
ముగ్గురూ నెత్తిన తలకట్టు లేకుండా
బస్సు తప్పినవాళ్ళలా నిలబడ్డారు.

ఎనిమిదింటికి పెళ్ళికూతురి నాన్న మాలకొండయ్య,
పొగాకు వేలం గుమాస్తా, సైకిలు స్టాండేసి లోపలికొచ్చాడు.
నేను తెల్లకాగితం మీద స్కెచ్‌పెన్నుతో
ఆ ఒక్క పేరూ రాస్తున్నాను.
త కింద స, స కింద న,
పద్దెనిమిదేళ్ళుగా అక్షరాలు నొక్కిన వేళ్ళు
రాయడానికి కాస్త వణికాయి.
స్కాన్ చేసి కార్డులో కూర్చోబెట్టాను.
ఆయన కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు.
అచ్చులో కంటే ఇదే బాగుండాదన్నాడు.
"చేత్తో రాసినందుకు ఎక్స్‌ట్రా ఎంత?"

"ఊరికే" అన్నాను.

ఆయనకి ఇంకో కూతురుంది, ఇంటర్ చదువుతోంది.
అన్నాక గుర్తొచ్చిందో,
గుర్తొచ్చాకే అన్నానో.